ఫామ్‌హౌస్ గడపకు పసుపు

ఓ పాత ఇంటి చరిత్రను ఒక్క పూటలో తారుమారు చేయడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు, గుప్పెడు పసుపు చాలు. నవ్వనని మాటిస్తే చెబుతాను. సరే, నవ్వండి.

మన పిల్లలు విమానాల నిండా కెనడాలో దిగుతున్న రోజులవి. కాఫీ షాపులో పని కోసం కూడా క్యూలే! అలాంటిది నాకు రిచ్‌మండ్ హిల్ అనే ఊరి అవతల, మ్యూజియంగా మార్చిన ఫామ్‌హౌస్‌లో గైడ్ పని దొరికింది. ఇంగ్లండు నుంచి వచ్చిన రైతులు అచ్చం తమ ఊరి ఇంటిలాగే కట్టుకున్న ఇల్లది. మధ్యలో గదంత పొయ్యి, చుట్టూ గదులు, పిల్లలు పుట్టినకొద్దీ వెనక అతికించిన మరికొన్ని గదులు. మొదటి రోజు టూర్ బాగా చేస్తేనే ఉద్యోగం ఖాయమంది మేనేజర్ హెలెన్. ఆ జీతం రాకపోతే నేను అద్దె కట్టలేను.

ఉత్సాహం పట్టలేక అందరికంటే ముందే వెళ్లి, అమ్మకు వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించాను.

"శుక్రవారం పూట గడప అంత బోసిగా ఉందేమిటే?"

"ఇది మ్యూజియం అమ్మా!"

"అయితే ఏం? కొత్త ఉద్యోగం. కాస్త పసుపు రాసి మొదలుపెట్టు."

ముందురోజు కొన్న ప్యాకెట్ బ్యాగులోనే ఉంది. తడిపి ఆ చివర నుంచి ఈ చివరకు పట్టించాను. ఎంత కళ వచ్చిందో! అప్పుడు కనబడింది గోడ మీద బోర్డు: "దేన్నీ తాకరాదు." పరుగున వెళ్లి బకెట్ తెచ్చాను. సబ్బునీళ్లతో రుద్దాను. రుద్దినచోటల్లా పసుపు కాస్తా పెళ్లికూతురి పారాణిలా ఎర్రబడింది.

అంతలో హెలెన్ వచ్చింది, వెంట పాత కట్టడాల నిపుణుడు ఎడ్వర్డ్ గారు. ఆయన గడప చూస్తూనే మోకాళ్ల మీద కూలబడ్డారు.

"హెలెన్! కింద పసుపు, పైన ఎరుపు! ఇన్నాళ్లూ నాకెలా కనబడలేదు?"

"అంటే రెండుసార్లు రంగు వేశారా?"

"రెండు తరాలు! పసుపు తాతలది, ఎరుపు మనవలది. ఈ ఇంటి చరిత్రంటూ మనం రాసిందంతా తిరగరాయాలి!"

నోరు మూసుకుంటే నా ఉద్యోగం భద్రం. కానీ ఆయన నమూనా కోసం చాకు తీసి గడపను గీకబోయారు. ఇక తట్టుకోలేకపోయాను.

"గీకకండి సర్! ఆ రెండు తరాలూ నేనే! తాతలు తొమ్మిదికి, మనవలు తొమ్మిదింపావుకి!"

హెలెన్ నవ్వీ నవ్వీ అక్కడే చతికిలబడింది. ఉద్యోగం నిలబడింది, కాకపోతే ఇంట్లో కాదు, పెరటి తోటలో. గడప రంగు వేసవి ఎండకు మెల్లగా వెలిసిపోయింది.

ఆ తోటలోని క్యాబేజీల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నాకంటే వయసులో పెద్దదైన ఏ గడపకూ ఇక ఈ చేత్తో పసుపు రాయను.