పటం అన్న మాట

నా పింఛను ఖాతాలో నా భార్య పేరు చేర్చడానికి ఆమె ఫోటో ఒకటి కావలసి వచ్చింది. హోసూరు బస్టాండు దగ్గరి స్టూడియోలో తీయించాను. చామనచాయ మనిషి మైదాపిండిలో ముఖం అద్దుకున్నట్లు వచ్చింది. చెంప మీది పుట్టుమచ్చ మాయమైంది. "అందరూ ఇట్లే అడుగుతారు సార్" అన్నాడు స్టూడియో యజమాని. నేను అడగలేదు. ఆ సంగతే వివరంగా ఉత్తరం రాసి, నకలు నా దగ్గర ఉంచుకొని, అతని చేతికిచ్చాను. అతను దాన్ని నా కళ్ళ ముందే నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దూర్చాడు.

తెలుగు బడిలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. పద్ధతిగా కూర్చుంటే రాని విద్య ఉండదని నా నమ్మకం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, బెంగళూరులో మూతబడుతున్న ఒక స్టూడియో నుంచి రెండు పాత దీపాలు, వాటి స్టాండ్లు, ఊచ విరిగిన తెల్ల గొడుగు ఒకటి చవకగా కొని తెచ్చాను. ముందుగదిలో కుర్చీలు జరిపి, గోడకు నల్ల కంబళి కట్టి, ఆ వేసవంతా సాధన చేశాను. దీపాన్ని ముఖానికి సూటిగా పెడితే ముఖం పళ్ళెంలాగా చదునైపోతుంది. దాన్ని పక్కకు జరిపి, కొంచెం ఎత్తుకు లేపి, వెలుతురు గొడుగుకు తగిలి వెనక్కి వచ్చేట్లు చేస్తే చెంపకు గుండ్రదనం వస్తుంది. అవతలి పక్క నీడ మరీ నల్లబడకుండా టీవీ పెట్టెలో వచ్చిన థర్మోకోల్ పలక నిలబెడితే చాలు. తీసిన ప్రతి ఫోటోకూ దీపం ఎక్కడ ఉన్నదీ బొమ్మ గీసి రాసిపెట్టుకునేవాణ్ణి. నా భార్య కూర్చుని కూర్చుని విసిగి, "పొయ్యి మీద కూర మాడతా ఉంది. నా ముక్కు నీడ మళ్ళీ చూసుకోండి" అని లేచిపోయేది.

నాకు ఇంకొక పట్టుదల కూడా ఉండేది. తమిళనాడులో తెలుగు బడి నిలవాలంటే ముందు మన నోట్లో తెలుగు నిలవాలని వాదించినవాణ్ణి. ఇంట్లో ఎవరైనా ఫోటో అంటే, పటం అనాలని దిద్దేవాణ్ణి. నిఘంటువు నా పక్షాన ఉంది. మా సూళగిరి వైపు పల్లెల్లో మాత్రం పటం అంటే గోడ మీది దేవుడు, లేకపోతే దండ పడిన మనిషి. అది నాకు తెలియక కాదు. నేను పుట్టింది ఆ పల్లెలోనే. తెలిసినా, మారవలసింది వాళ్ళేనని అనుకున్నాను.

ఆ రోజుల్లోనే మా అక్క మోకాళ్ళ నొప్పులకు చూపించుకోవడానికి హోసూరు వచ్చింది. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. బావ పోయిన తరువాత సూళగిరి దగ్గర కొడుకు ఇంట్లో ఉంటూ, ఒక ఆవును పెట్టుకుని పాలు అమ్ముకునేది. డాక్టరు నాతో ఇంగ్లీషులో రెండు మాటలు చెప్పి మాత్రలు రాశాడు. మోకాళ్ళు అరిగాయి, అంతకంటే ఏమీ లేదు. అక్కతో కూడా అదే చెప్పాను.

మర్నాడు ఆమె వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయల నార తీస్తూ ఉంది. "అక్కా, ఊరికి పోయే లోపల ఒకసారి ఆ కుర్చీలో కూర్చో. నీకు మంచి పటం కట్టిస్తాను" అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. "ఒంటిగానా?"

"ఒంటిగానే. పక్కన ఇంకొకరుంటే వెలుతురు చెడుతుంది."

"ఎప్పుడో ఒకప్పుడు కావాల్సిందే కదప్పా" అని మళ్ళీ నార తీయడం మొదలుపెట్టింది. ఒప్పుకుందని సంతోషించాను.

ఆ సాయంత్రం తలంటు పోసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. అంతవరకూ నా దీపాల ముందు కూర్చున్నవాళ్ళంతా ఇకిలించారు, లేకపోతే బిగుసుకున్నారు. అక్క కదలలేదు. కెమెరా కటకంలోకి నేరుగా చూసింది. ముఖంలోని ప్రతి ముడత మీదా వెలుతురు మెత్తగా వాలింది. ప్రింటు వచ్చిన రోజు నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. పాత సహోద్యోగులను ఇంటికి పిలిచి చూపించాను. ఆ నిలకడ నా దీపం తెచ్చిందేనని వాళ్ళకు వివరించాను. పెద్దది చేయించి, టేకు చట్రం వేయించి, అక్క కొడుకు హోసూరు వచ్చినప్పుడు అతని చేతికిచ్చి పంపాను.

కొన్ని వారాల తరువాత అతనే మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విడవకుండానే అడిగాడు. "నిజం చెప్పు మామా. అమ్మకు ఏమొచ్చింది?"

"మోకాళ్ళు అరిగినాయి."

"మోకాళ్ళు అరిగితే ఎవరన్నా చూలి ఆవును అమ్ముకుంటారా? కావేరిపట్టణం వాళ్ళు వచ్చి తోలుకోని పోయినారు. కమ్మలు తీసి మా పాపకు పెట్టేసింది. ఇత్తడి సామాను ఎవరికేది చెందాల్నో చెప్తా ఉంది. ఏమమ్మా ఇది అంటే, మీ మామకు తెలుసులే అంటుంది."

నాకు ముందు వచ్చింది కోపమే. ఒక్క మాటకు ఇంత అల్లుకుంటారా అని సూళగిరి బస్సులో కూర్చుని దారి పొడుగునా మనసులో వాదించాను. అక్క ఇంట్లోకి అడుగు పెట్టాక ఆ వాదన నోటి దాకా రాలేదు. దండతో ఉన్న బావ పటం పక్కనే నా టేకు చట్రం వేలాడుతూ ఉంది. దండ కోసం దానికి పైన రెండు మేకులు కూడా కొట్టించి పెట్టుకుంది.

"కూర్చోప్పా. నీళ్ళు తాగు" అంది అక్క. "నువ్వేమీ చెప్పబల్లేదు. ఆ పొద్దే తెలిసిపోయె నాకు."

"ఏం తెలిసిందక్కా? పటం అంటే ఫోటో. నేను అన్నది అంతే."

"ఫోటో అంటే ఫోటో అనాల. పటం అంటే పటమే. మీ బావకు కట్టించినావే, అది ఫోటోనా?"

"డాక్టరు చెప్పింది మోకాళ్ళ సంగతేనక్కా. నీ మీద ఒట్టు."

"డాక్టరు నీతో ఇంగ్లీషులో మాట్లాడె. నాతో మాట్లాడలే. చిన్నప్పటినుంచీ నువ్వు అబద్ధం చెప్పేటోడివి కాదు, కానీ నా మీది ప్రేమ కొద్దీ చెప్తావు."

ఆ మాటకు తల తిప్పుకున్నాను. గోడ మీద అక్క ముఖం నన్నే చూస్తూ ఉంది. నేను నలుగురికీ చూపించి మురిసిన నిలకడ, తన చావు కబురును తమ్ముడి నోట విన్న మనిషి నిలకడ. ఆ కబురు మోసుకుని ఆమె ఇన్ని వారాలు ఆవుకు మేత వేసింది, దాన్ని అమ్మింది, రాత్రిళ్ళు పడుకుంది. ఇంకా సిగ్గుపడవలసిన సంగతి ఏమిటంటే, అది తెలిసిన ఆ క్షణంలో కూడా నా కన్ను ఆమె ఎడమ చెంప మీద నీడ ఎంత చక్కగా కుదిరిందో చూసింది.

"ఏమీ లేదంటివే. అట్లయితే నువ్వు కూర్చో ఆ కుర్చీలో, ఒంటిగా" అంది అక్క. "నేను తీస్తా. అప్పుడు నమ్ముతా."

సరే అన్నాను. ఆ సరే అనడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

రెండు రోజులకే నాతో హోసూరు వచ్చింది. "ఈ ఆటలు నాకొద్దు వదినా" అని నా భార్య లోపలికి పోయింది. దీపాలు అమర్చి, కెమెరా స్టాండు మీద బిగించి, నొక్కవలసిన మీట అక్కకు చూపించి వెళ్ళి కూర్చున్నాను. నవ్వుతూ కూర్చోవాలని ముందే అనుకున్నాను. చెంపకు వేడి తగిలింది. ఆ వెలుతురు వెనక అక్క నల్లని ఆకారంగా తప్ప కనిపించలేదు. ఇది ఏ గోడకు, ఎవరు తగిలిస్తారు అనే ఆలోచన అడగకుండానే వచ్చింది.

"నగప్పా" అంది.

"నగతానే ఉన్నాను."

"యాడ? నాకు కనపడలే." దీపం పక్కగా వంగి చూసింది. "నీ మొగం చూస్తే నీకే ఏదో వచ్చినట్టుంది. డాక్టరు ఏం చెప్పె?"

"ఏమీ చెప్పలేదు. నేను డాక్టరు దగ్గరికి పోనే లేదు."

"ఏమీ లేకపోయినా మొగం ఇట్ల ఉంటుందా, ఈడ కూర్చుంటే?"

"ఉంటుందక్కా."

మీట నొక్కిన చప్పుడు వినిపించింది. ఆమె కెమెరా దగ్గరి నుంచి వచ్చి, దీపం వేడికి మొహం తిప్పుకుంటూ నా పక్కన నిలబడింది.

"అయితే ఆవును ఊరికే అమ్మినానే" అంది.

"కావేరిపట్టణం పోయి అడుగుదాం. ఎంతైనా ఇచ్చి తోలుకొని వద్దాం."

"ఈనింటుందప్పా ఈపాటికి. ఇంక ఎవరిస్తారు?"