ముందు వాడినే అడిగే సిస్టర్ గారు

సిస్టర్ గారు పోయారని మొన్న పొద్దున ఆసుపత్రి ఆయమ్మ ఫోన్ చేసి చెప్పింది. చీరకి ఫాల్ కుడుతున్నాను. సూది అలాగే గుచ్చి ఉంచేసి కూర్చుండిపోయాను. ఆవిడ రిటైరయి ఇన్నేళ్ళయినా, ఎవరెవరికి కబురు చెప్పాలో అనుకున్నప్పుడు ఆయమ్మకి మా ఇల్లు గుర్తొచ్చింది.

కాకినాడలో ఒక ఆసుపత్రిలో మానసిక రోగుల వార్డుకి ఆవిడ హెడ్ సిస్టర్. పొట్టి మనిషి. నడుస్తుంటే చెప్పుల చప్పుడు వార్డు చివరిదాకా వినపడేది. అది కావాలనేనట. "వెనకనుంచి చడీచప్పుడూ లేకుండా వస్తే వీళ్ళు హడిలిపోతారమ్మా. నేనొస్తున్నానని ముందే తెలియాలి" అనేవారు.

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. ఇలా పేరు పెట్టి రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. వాడికి చెవుల్లో ఎవరో మాట్లాడేవారు. అన్నంలో మీ వాళ్ళు విషం కలిపారని చెప్పేవారట. అంతే, మా ఇంట్లో మెతుకు ముట్టడం మానేశాడు. సీలు వేసిన బిస్కెట్ ప్యాకెట్లు, తనే ఒలుచుకున్న అరటిపళ్ళు, అవే తిండి. పళ్ళెం ముందు పెడితే నావైపు చూసే చూపుంది చూశారూ, పగవాళ్ళని కూడా ఎవరూ అలా చూడరు. చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు. నాలుగు నెలల్లో ఎముకల గూడయ్యాడు. మందులకి లొంగకపోయేసరికి డాక్టరు గారు ఈసీటీ చేయాలన్నారు.

మా సామర్లకోటలో దాన్ని కరెంటు షాకంటారు. మొద్దయిపోతాడు, ఇక మనిషి కాడు అని వీధంతా జోస్యం చెప్పింది. నాకసలే నోరెక్కువ. సంతకం పెట్టేది లేదని వార్డులో కేకలేశాను. సిస్టర్ గారు నన్ను ఒక్క మాటనలేదు. మా ఇద్దర్నీ ఆ గదిలోకి తీసుకెళ్ళి మంచం, ఆక్సిజన్ మాస్కు, మిషను చూపించారు. మత్తిచ్చి నిద్రపుచ్చాకే చేస్తారని, నొప్పి తెలియదని, ఆ రోజుల జ్ఞాపకాలు కొన్ని చెరిగిపోవచ్చని, ఏదీ దాచకుండా చెప్పారు. చెప్పింది నాకు కాదు, వాడికి.

"నువ్వేమంటావు బాబూ?" అనడిగారు.

వాణ్ణి ఎవరైనా అలా అడిగి ఎన్నాళ్ళయిందో. మిషను వైపు చాలాసేపు చూసి "గొంతులు ఆగుతాయా?" అన్నాడు.

"తగ్గుతాయనే చేస్తున్నాం. ఒట్టేసి మాత్రం చెప్పలేను."

వాడు తలూపాడు. నేను సంతకం పెట్టాను.

మొదటి రోజు ఖాళీ కడుపుతో ఉంచమన్నారు. తెల్లారేసరికి మా అమ్మ భీమేశ్వరుడి ప్రసాదం, చక్కెర పొంగలి, దొన్నెలో పట్టుకుని ఆటోలో దిగింది. నేను వద్దనబోయాను. "ప్రసాదం తిండి కిందకి రాదే" అంది. మాకు అదే అలవాటు. ఉపవాసం ఉన్నవాళ్ళు కూడా ప్రసాదమంటే కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటారు. పైగా తమ్ముడు చెయ్యి చాపాడు. నాలుగు నెలల తర్వాత నా ముందు చాపిన చెయ్యి. ఎలా కాదంటానండి? పిడికెడు పెట్టాను. తిన్నాడు.

చిన్న సిస్టరొచ్చి ఏమైనా తిన్నాడా అని నన్నడిగితే లేదండి అన్నాను. అబద్ధమాడుతున్నానని కూడా అనుకోలేదు. తర్వాత సిస్టర్ గారొచ్చారు. ఆవిడ పద్ధతి ప్రకారం ముందు వాడినే అడిగారు.

"బాబూ, లేచాక నోట్లో ఏమైనా వేసుకున్నావా?"

"ప్రసాదం. అక్క పెట్టింది."

పిచ్చివాడి మాటేంలే అనుకోలేదు ఆవిడ, నిజమేనా అని నన్ను మళ్ళీ అడగనూ లేదు. వెంటనే ఆ పూటకి ఆపించేశారు. నేను ఊరుకుంటానా? "ప్రసాదం తిండెలా అవుతుందండీ?" అని మీదికెళ్ళాను.

"అది ప్రసాదమని దేవుడికి తెలుసమ్మా. పొట్టకి తెలీదు" అన్నారు. మత్తులో వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికొస్తుందని అప్పుడు చెప్పారు. అక్కడే నేలమీద కూలబడి, నా చేత్తో నేనే చంపుకునేదాన్నని ఏడ్చాను. ఆవిడ కూడా నేలమీదే కూర్చున్నారు, తెల్ల చీర నలిగిపోతున్నా.

"ఎన్నాళ్ళకి తిన్నాడు నీ చేత్తో?"

"నాలుగు నెలలకండి."

"ఇంకేం మరి. ఏడవకు. ఎల్లుండి చేయిద్దాం."

ఆనాటినుంచి ఆ వార్డులో ప్రశ్న మారిపోయింది. "తీర్థం, ప్రసాదం, కాఫీ, వక్కపొడి, ఏదీ పడలేదుగా?" అని వల్లించేవారు. వల్లించినప్పుడల్లా నావైపోసారి చూసేవారు.

చేసిన రోజు నన్ను మంచం పక్కనే కూర్చోబెట్టారు. మెలకువ రాగానే వాడికి ఊరు తెలీదు, రోజు తెలీదు. "ఎక్కడున్నాను?" అని అడిగిందే అడిగాడు. సిస్టర్ గారు చెయ్యి పట్టుకుని, "కాకినాడలో ఉన్నావు బాబూ, ఆసుపత్రి ఇది, అక్క పక్కనే ఉంది" అని ప్రతిసారీ అదే నిదానంతో చెప్పారు. నేను విసుక్కుంటే, "మనకి పదోసారి. వాడికి మొదటిసారేగా" అన్నారు. అలా కొన్ని వారాలకి గొంతులు సన్నబడ్డాయి. వాడు మా గిన్నెలోదే తినసాగాడు. ఇప్పటికీ మాత్రలు వేసుకుంటాడు, జిరాక్స్ షాపులో పని చేసుకుంటాడు.

ఆ నెల మొత్తం వాడికి గుర్తు లేదు. సిస్టర్ గారి మొహం కూడా. నేను బాధపడితే ఆవిడ నవ్వేవారు. "నేను గుర్తుండకపోతే ఏంటమ్మా, నువ్వు గుర్తున్నావు కదా."

మొన్న మధ్యాహ్నం వాడు భోజనానికొచ్చాడు. వంకాయ కూర వడ్డిస్తూ ఆవిడ పోయారని చెప్పాను. "ఎలా ఉండేవారక్కా?" అన్నాడు. నాకు గుర్తున్నదంతా చెప్పాను. వింటూ రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద కలిపి, తినకుండా పళ్ళెం పక్కకి జరిపాడు.

ఇన్నేళ్ళయినా వాడు పళ్ళెం జరిపితే నాకు భయమే.

"ఏమైందిరా?" అన్నాను.

"అన్నం బాగానే ఉందక్కా. ఆవిడ పోయారంటే ముద్ద దిగట్లేదు" అన్నాడు. మొహం కూడా గుర్తులేని మనిషి కోసం వాడి కళ్ళు నిండిపోయాయి.

తినమని బతిమాలలేదు నేను. పళ్ళెం మీద మూత పెట్టి, నేనూ తినకుండా వాడి పక్కన కూర్చున్నాను.