ఇంజనుకు పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో నాకు దెయ్యాలంటే భయం లేదు, పాములంటే అంతంత మాత్రం. నేను వణికిపోయేది ఒక్క లాప్‌టాప్‌ని చూసే. అది కంపెనీవాళ్లది. కొత్తగా చేరిన ఉద్యోగం, ఇంకా ఖాయం కాలేదు. రాజుపాలెం దగ్గర మా ఇంట్లోనే కూర్చుని చేసే పని. లాప్‌టాప్‌కి ఏమన్నా అయితే ఉద్యోగం ఊడుతుందని నా గట్టి నమ్మకం. దాని మీద ఈగ వాలినా లేచి నిలబడేవాణ్ణి. (ఈగను తోలడానికి నాన్న తుండుగుడ్డ ఎత్తితే ఆయన్నే గదిలోంచి తోలేశాను.)

దసరా వెళ్లిన మర్నాడు అది వేడెక్కడం మొదలుపెట్టింది. ఎడమ అరచెయ్యి ఆనే చోట పెనం మీద చెయ్యి పెట్టినట్టుంది. కాసేపటికి నా కళ్ల ముందే ఆరిపోయింది. ఫోను చేస్తే మా టీమ్ లీడర్ తాపీగా చెప్పాడు: "ఫైళ్లన్నీ ఉండేది లోపల ఎస్సెస్‌డీలోనే కదా. అది అంత వేడెక్కితే ఫైళ్లు కూడా పోవచ్చు. సాయంత్రం లోపు నీ పని పంపించెయ్, సరేనా?" నెల రోజుల పని దాంట్లోనే ఉంది. (ఇంకోచోట దాచుకోవాలన్న బుద్ధి అప్పటికింకా పుట్టలేదు.) సరేనన్నాను.

"ఏందిరా ఆ మొహం?" అంటూ నాన్న వచ్చాడు. చెప్పాను. లాప్‌టాప్ మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. "అబ్బో, చానా కాలతందిరా. కుండ కింద ఇసకలో పెట్టు. నీళ్లు చల్లబడట్లా? ఇదీ అంతే." మామూలుగా అయితే నవ్వేవాణ్ణి. చదువుకున్నవాడికి భయం పుడితే ఎంత తెలివి మిగులుతుందో ఆ రోజే తెలిసింది. నిజంగానే మంచినీళ్ల కుండ పక్కకు జరిపి, తడి ఇసుక మీద ప్లాస్టిక్ సంచి పరిచాను.

పెట్టబోతూ తిరగేసి చూద్దును గదా, అడుగున గాలి ఆడే చిల్లులన్నీ పచ్చగా పూడుకుపోయి ఉన్నాయి. తడి పసుపు ఎండి గట్టిపడింది. దాని మీద వరసగా కుంకుమ బొట్లు.

"అమ్మా!"

అమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "నేనే పెట్టా. ఆయుధపూజకి ట్రాక్టరుకి పెట్టా, కుట్టుమిషనుకి పెట్టా. నీకు అన్నం పెట్టేదానికి పెట్టనా?"

"అడుగున ఎందుకు పెట్టావమ్మా?"

"ఇంజను ఆడుంటదని మీ నాన్నే చెప్పాడు. పైన రేకుకి పెడితే ఏం లాభం?"

నాన్న కుండ వైపు తిరిగి శ్రద్ధగా ఇసుక సర్దసాగాడు.

"ఏందిరా, నీ ఉద్యోగం నేనే తీశానా?" అంది అమ్మ. అరవబోయినవాణ్ణి, ఆమె చేతిలో గరిటె తీసుకుని చీపురుపుల్ల పెట్టాను.

ముగ్గురం చీపురుపుల్లలు పట్టుకుని ఒక్కో చిల్లూ శుభ్రం చేశాం. చల్లారేదాకా ఆగి, మీట నొక్కి కళ్లు మూసుకున్నాను. అమ్మ అప్పటికే మూసుకుంది.

"వచ్చిందిరా," అన్నాడు నాన్న.

ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నాయి. పొద్దుగూకకముందే పని పంపేశాను. ఉద్యోగం నిలబడింది.

మరుసటి దసరాకి అమ్మ ట్రాక్టరుకి బొట్టు పెట్టి, నా గది గుమ్మం దగ్గర ఆగిపోయింది. "దానికి నేను పెట్టన్లేరా, భయం," అంది. ఆ భయం ఆమెకు అంటించింది నేనే. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మూత మీద పెట్టించాను.

ఈగ వాలితే లేచి నిలబడే ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పెద్దగా మారిందీ లేదు లెండి. ఈనాటికీ కొత్త లాప్‌టాప్ వస్తే, దాని మూత మీద అమ్మ చేత్తో బొట్టు పడందే ఆన్ చేయడానికి భయం.