కొండరేగు డబ్బా

రైతుబజారులో ఈమధ్య రేగుపళ్లు ఆపిల్ కాయలంత వస్తున్నాయి. నిన్న ఒకటి కొరికి చూశాను. నీళ్లు, తీపి, అంతే. ‘కండచక్కెరే మేడమ్’ అన్నాడు అమ్మేవాడు. చక్కెర కావాలంటే చక్కెరే కొనుక్కుంటాను కదా. బుట్ట అడుగున నాటుపండు ఏదో నలిగినట్టుంది, పులిసిన వాసన ముక్కుకి తగిలింది. సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నూకాలు పిన్ని రోటి వాసన అది.

పిన్ని మాకు చుట్టం కాదు. జాలారిపేటలో మా ఇంటికీ వాళ్లింటికీ గోడ ఒకటే. మాది చర్చికి వెళ్లే ఇల్లు, వాళ్లది నూకాలమ్మకి కోడిని కోసే ఇల్లు. అమ్మ ఆస్పత్రి డ్యూటీకి పోతే నాకు జడ వేసేదీ, అన్నం పెట్టేదీ, తిట్టేదీ పిన్నే. ఆవిడకి పిల్లలు లేరు. ఉన్న ప్రేమంతా బోటు మీద వేటకెళ్లే మొగుడు పైడిరాజు బాబాయికి, మిగిలింది నాకు. ఆ మిగిలిందే నాకు బోలెడు.

చలికాలం చివర్లో నన్ను భీమిలి దారిలోని కొండకి తీసుకెళ్లేది. కొండరేగు బఠాణీ గింజంత ఉంటుంది. గుజ్జు తక్కువ, గింజ ఎక్కువ, ముళ్లు చెప్పనే అక్కర్లేదు. ఇంటికి తెచ్చి బెల్లం, మిరపకాయలు, ఉప్పు, జీలకర్ర వేసి రోట్లో దంచి, వడియాలు తట్టి ఎండబెట్టేది. మొదట ఎండినవి బాబాయి స్టీలు డబ్బాలోకే. ఆ డబ్బా లేకుండా ఆయన బోటెక్కేవాడు కాదు.

‘గంగరేగులు పెద్దవి గదా పిన్నీ, ఆటితో సెయ్యొచ్చు గదా’ అన్నానొకసారి, ముల్లు గుచ్చుకున్న వేలు చీకుతూ.

‘అయ్యి సిన్నపిల్లల తిండి. సముద్రం మీద నాలుగురోజులుంటే నోరు సప్పబడిపోద్ది. ఈ పులుపు తగిల్తే గానీ ముద్ద దిగదు. తోటపండుకి ఆ పౌరుషం ఏదీ?’

ఒక వేటకి బాబాయి ఆ డబ్బా మరిచిపోయి వెళ్లాడు. పిన్ని చూసుకుని హార్బరుకి పరుగెత్తింది. బోటు అప్పటికే వెళ్లిపోయింది. తుఫాను పట్టింది, బోటు మళ్లీ రాలేదు. కొందరి శవాలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి, బాబాయిది రాలేదు. పేట పెద్దలు వచ్చి కర్మ చెయ్యమన్నారు, గాజులు తియ్యమన్నారు.

‘డబ్బా ఇక్కడే ఉండిపోనాది. అది లేకండా ఆయన ఎన్నాళ్లుంతాడు? ఒత్తాడు’ అంది పిన్ని. గాజులు తియ్యనే లేదు.

అప్పటినుంచి ఏటా కొత్త వడియాలతో ఆ డబ్బా నింపి, పాతవి సముద్రంలో వదిలి వచ్చేది. నేనొకసారి అందులో చెయ్యి పెడితే చేతి మీద కొట్టింది. పిన్ని నన్ను కొట్టడం అదొక్కసారే. నేను పెద్దదాన్నయి, పెళ్లయి వెళ్లిపోయినా ఆ పద్ధతి మానలేదు. తర్వాత ఒక ఏడు కొండ చుట్టూ కంచె పడింది, పొదలన్నీ యంత్రాలు ఊడబెరికేశాయి. పిన్ని బజారులో గంగరేగులు కొని, చింతపండు కలిపి దంచింది. అవి ఎండలేదు, బూజు పట్టాయి. పారబోసి, డబ్బాలో పాతవే ఉంచేసింది.

ఆ ఏడే నేను కడుపుతో పుట్టింటికి వచ్చాను. అంతకుముందు ఒక కడుపు నిలవలేదు. ఈసారి మంచినీళ్లు కూడా లోపల ఉండేవి కావు. మందులయ్యాయి, నిమ్మకాయలయ్యాయి, మా ఆయన పెద్ద షాపులో కొని తెచ్చిన ఎర్రటి ప్లమ్ పళ్లూ అయ్యాయి. అమ్మ ప్రార్థన చేస్తూ ఏడ్చేది. పిన్ని గుమ్మంలో నిలబడి చూసి వెళ్లిపోయేది.

ఒక పొద్దున వచ్చి నా మంచం పక్కన కూర్చుంది. ఒళ్లో డబ్బా. మూత బిగుసుకుపోతే గరిటె కాడతో లేపింది.

‘పిన్నీ, అది బాబాయిది.’

‘నాకు తెల్దేటి’ అంటూ వడియం తుంచి నా నోట్లో పెట్టింది. ‘మీ బాబాయికి ఇంక నోరు సప్పబడదమ్మా. నువ్వు తిను.’

అది లోపల నిలిచింది. ఆ పూట గంజి తాగాను. పిన్ని రోజూ కాస్త తుంచి పెట్టేది. అది ఎవరి కోసం దాచిందో తెలిసే తిన్నాను, బిడ్డ కోసం తిన్నాను. డబ్బా ఖాళీ అయిన రోజు పిన్ని ఒక్కతే సముద్రం దాకా వెళ్లి వచ్చింది. చేతులకి గాజుల్లేవు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిన్ని మాత్రం, ‘పిల్ల గంజి తాగిందా?’ అని అడిగింది.

పిన్ని పోయి చాలా కాలమైంది. డబ్బా నా దగ్గరే ఉంది. మూత తీస్తే ఇంకా సన్నగా ఆ పులుపు వాసన వస్తుంది, అందుకే కడగను. ఖాళీగా ఎందుకు, పంచదార పోసుకుందాం అంటుంది నా కూతురు. కడుపులో ఉండగా ఎవరి వంతు తిని తను నిలిచిందో దానికి ఇంకా చెప్పలేదు.