ఆళ్లగడ్డ జాలాడిలో వాషింగ్ మెషీన్

1986 ఆగస్టు, ఆళ్లగడ్డ. ఆ రోజు ఆ ఇంటి పెరట్లో ఉన్నవాళ్లు: ఇంటి పెద్దావిడ లక్ష్మమ్మ, ఆమె కొడుకు సుబ్బారెడ్డి, కోడలు సరోజ, నేను. లోపలి గదిలో మంచం మీద లక్ష్మమ్మ భర్త. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయి, మాట పోయిన మనిషి. పనికి ఎక్కడికి వెళ్లినా ఎవరెవరున్నారో ముందు డైరీలో రాసుకోవడం నా అలవాటు. పెరట్లో లేకపోయినా ఆయన పేరూ రాశాను. ఆ మెషీన్ గోల అందరికంటే ఎక్కువ బాధపెట్టింది ఆయననే.

నంద్యాలలో నాకు మోటార్లు బాగుచేసే షాపు ఉండేది. ఎక్కువగా మిక్సీలు, ఫ్యాన్లు, బావి మోటార్లు. వాషింగ్ మెషీన్లు మా వైపు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఇది రెండు తొట్ల మెషీన్. మొదటి తొట్టి అడుగున ఒక పళ్లెం తిరుగుతూ బట్టల్ని నీళ్లలో ఆడిస్తుంది. దాన్ని పల్సేటర్ అంటారు. రెండో తొట్టి స్పిన్నర్. తడిబట్టల్ని వేగంగా తిప్పి నీళ్లు పిండేస్తుంది. గోలంతా స్పిన్నర్ తిరిగేటప్పుడే.

అది నా మూడో ప్రయాణం. మొదటిసారి బెల్టు వదులుగా కనిపిస్తే కొత్తది వేసి వెళ్లాను. రెండోసారి వచ్చి మెషీన్‌నే జీపులో నంద్యాలకు వేసుకెళ్లి, షాపులో తడి దుప్పట్లు వేసి తిప్పిచూశాను. కిక్కురుమనలేదు. తిరిగి ఆళ్లగడ్డ చేరగానే మళ్లీ మొదలైంది. ఈసారి బస్సులో సీటు దొరక్క దారంతా నిలబడే వచ్చాను. పనిముట్ల సంచి కిందపెట్టేసరికి నడుము పట్టేసింది.

"ఏమప్పా, మళ్లీ విప్పుతాండావా?" అంది లక్ష్మమ్మ. "నా కుట్టుమిషను ముప్పై ఏండ్లాయె, ఒక్కసారన్నా విప్పలా. దీన్ని నువ్వు ఉల్లిగడ్డ మాదిరి వొలుస్తానే ఉండావు."

"ఇంకొక్కసారి చూడనీమ్మా."

"ఈ పొద్దుతో సరి. అది మొరిగినప్పుడల్లా ఆయన ఉలిక్కిపడి వణికిపోతాండాడు. పొద్దుగూకేలోగా నోరు మూసుకోకుంటే యాడ నుంచి తెచ్చినారో ఆడికే పంపిస్తా."

పెద్దాయన పక్కబట్టలు రోజూ ఉతికి ఉతికి సరోజ చేతులు పాసిపోయాయి. వేళ్ల సందుల్లో పుండ్లు. నీళ్లు తగిలినప్పుడల్లా పళ్లు బిగబట్టేది. మెషీన్ పోతే ఆ చేతులతోనే మళ్లీ బండ దగ్గర కూర్చోవాలి.

వరసగా చూశాను. ఉత్త తొట్టి తిప్పితే శబ్దం లేదు. బేరింగులు సరిగానే ఉన్నాయి. తొట్టిని ఆపే బ్రేక్ ఎక్కడా రాసుకోవడం లేదు. తొట్టి ఊగకుండా పట్టుకునే స్ప్రింగులు గట్టిగా ఉన్నాయి. తడి దుప్పటి వేసి తిప్పగానే దడదడమని రోకలిపోటు లాంటి మోత. లోపల్నుంచి పెద్దాయన మూలుగు. సరోజ పరుగెత్తి స్విచ్ ఆపింది.

ఇక తోచక, నడుం నిలవక, పక్కనే నేలకు పరిచిన బండ మీద కూలబడ్డాను. "మళ్లీ ఒకసారి వెయ్యమ్మా, కొంచెంసేపే," అన్నాను. ఈసారి చెవికంటే ముందు వెన్నుకు తెలిసింది. దెబ్బ మెషీన్‌లోంచి రావడం లేదు, నేను కూర్చున్న బండలోంచి వస్తోంది.

ఆ మెషీన్ పెట్టింది జాలాడిలో. స్నానాలకూ బట్టలకూ గిన్నెలకూ మా వైపు పెరట్లో నాపబండలు పరిచిన చోటది. నీళ్లు పోవడానికి వాటంగా పరుస్తారు. ఆ వాలు మీద మెషీన్ నిలబడాలని రెండు కాళ్ల కింద ఇటుక ముక్కలు దోపారు. స్పానర్‌తో బండను తట్టుకుంటూ వచ్చాను. ఒకచోట గట్టిగా పలికింది. మెషీన్ కింద మాత్రం డొల్లగా డబడబమంది. ఏళ్ల తరబడి సందుల్లోంచి దిగిన నీళ్లు అడుగుమట్టిని లాక్కుపోయాయి. బరువు పడి స్పిన్నర్ తిరిగితే బండే ఎగిరి కొడుతోంది. మా షాపులో సిమెంటు నేల కాబట్టి అక్కడ పలకలేదు.

"వసారాలో పెట్టుకుంటే ఇప్పుడే సరిపోతుందమ్మా," అన్నాను.

లక్ష్మమ్మ మొహం మారిపోయింది. "పక్కబట్టలు తెచ్చి వంటింటి ముందర ఉతకాల్నా? మైల బట్టలు జాలాడి దాటి రావు. అది ఈడుంటే ఉంటాది, లేకుంటే పోతాది."

ఆమెతో వాదించే ఓపిక నాకు లేదు. "అయితే బండ లేపాల," అన్నాను సుబ్బారెడ్డితో.

"మోటార్ల మేస్త్రీవి, బండల పని గూడా చేస్తావాన్నా?" అని నవ్వుతూనే ఆయన గడ్డపార తెచ్చాడు. ఇద్దరం కలిసి బండ లేపాం. కింద బొరియ. రాతిముక్కలు, ఇసుక పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, మెషీన్ నిలిచే ఆ ఒక్క బండను మట్టంగా కూర్చోబెట్టాం. నీళ్లు పోవడానికి పక్కన చిన్న కాలువ వదిలాం. ఇటుక ముక్కలు తీసిపారేసి, కాళ్ల కింద సైకిల్ ట్యూబు మడతపెట్టాను. మెషీన్‌ను దాని చోట నిలిపి స్విచ్ వేయబోతే కరెంటు పోయింది.

పొద్దుగూకింది. కరెంటు రాలేదు. లక్ష్మమ్మ వచ్చి బండ వైపు, మట్టికొట్టుకున్న నా బట్టల వైపు చూసింది. "బువ్వ తిని పండుకోప్పా. తెల్లారి చూద్దాం," అని మాత్రం అంది. ముప్పై ఏళ్ల పనిలో నేను విప్పిన యంత్రాలకు లెక్కలేదు. అవి నిలబడిన నేలను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా ముందు దాన్నే తట్టిచూసేవాణ్ణి.

మరునాడు పొద్దున్నే సన్నటి రొదకు మెలకువ వచ్చింది. కరెంటు వచ్చినట్టుంది, సరోజ మెషీన్ వేసిందనుకుని పెరట్లోకి వెళ్లాను. మెషీన్ పక్కన పీట వేసుకుని లక్ష్మమ్మ కూర్చుని ఉంది. స్పిన్నర్ తిరుగుతోంది. దాని మూత మీద ఆమె అరచెయ్యి. గదిలోంచి ఏ మూలుగూ లేదు.

"కోడలు లేవలేదామ్మా?" అన్నాను.

"మెల్లగా మాట్లాడప్పా," అంది. "దాన్ని పండుకోనీ."