గడ్డి చూసుకునే అక్క

అరవైల్లో నేను తోటపల్లి గూడూరు దగ్గర, సముద్రపు ఒడ్డున ఒక బంగళాలో గుమస్తాగా ఉండేవాణ్ణి. అక్కడ పచ్చిక చూసుకునే అక్క ఒక్కచోట నిలిచేది కాదు. చైత్రంలో ఎండెప్పుడో వానెప్పుడో తెలిసేది కాదు. ఆమె పది అడుగులకోసారి వంగి, గడ్డి మీద అరచెయ్యి ఆనించి చూసేది.

కూతురి పెళ్లిచూపులని యజమాని గడ్డి పొట్టిగా కోయమన్నాడు.

"ఈ ఎండకి కోస్తే మాడిపోతాదయ్యా. రెండు దినాలు ఆగండి, వాన పడతాది" అందామె.

ఆయన ఆగలేదు. ఆమెను పనిలోంచి తీసేసి, వేరే మనిషి చేత కోయించాడు. మర్నాటికల్లా పచ్చికంతా మాడిపోయింది.

మూడోనాడు వాన పడింది. ఆ వానలోనే ఆమె వచ్చి, మాడినచోటల్లా కొత్త గరిక నాటుతూ కనిపించింది. యజమాని చూస్తాడేమోనని నాకు భయమేసింది.

"నిన్ను తీసేసినారు గదక్కా, ఎందుకొచ్చినావు?" అన్నాను.

ఆమె తలెత్తలేదు.

"ఆ సంగతి గడ్డికేం తెలుసు నాయనా" అంది.