పాలపొడి డబ్బాలో ప్రీ యాంప్లిఫయర్

ఎల్లారెడ్డిలో బోరు మోటరు కాలిపోతే రైతులు ఘనీ దగ్గరికే వచ్చేవారు. కాలిన తీగ పీకేసి కొత్త రాగితీగ చుట్టడంలో అతనికి తిరుగులేదు. ఆ మాట అతనే అందరికీ చెప్పేవాడు. ఇంట్లో స్టీరియో కూడా సొంతంగా చేసుకున్నదే గాని, దాన్ని ఎవరూ మెచ్చుకున్న పాపాన పోలేదు. పాట కంటే గుయ్యిమనే మోతే ఎక్కువ. ఇరుగుపొరుగు వాళ్లం వెక్కిరిస్తే, "మీ చెవులల్లనే ఉన్నది లోపం" అనేవాడు.

1987లో కూతురు సాలెహా పెళ్లి కుదిరింది. పసుపు పెట్టే రోజు ఆడవాళ్లంతా కూర్చుని ఢోలక్ కొడుతూ పాడటం వాళ్ల ఆనవాయితీ. ఘనీ అత్త జన్నత్ బీ ఉన్నన్నాళ్లూ ఆ పాటలు ఆమె గొంతుతోనే మొదలయ్యేవి. ఆమె పోయి నాలుగేళ్లయింది. అప్పట్నుంచి ఆమె కూతురు, ఘనీ భార్య సయీదా ఏ పెళ్లిలోనూ నోరు విప్పలేదు. జన్నత్ బీ పాట ఒకే ఒక్క క్యాసెట్‌లో మిగిలింది. అదీ ఎవరో దూరంగా కూర్చుని రికార్డు చేసింది. వాల్యూమ్ పెంచితే గొంతు బదులు మోత పెరిగేది.

"నా బిడ్డ పెండ్లిల మా అమ్మ పాట ఇనబడాలె. ఇంకేం అడగ," అంది సయీదా.

ఘనీ కామారెడ్డి వెళ్లి, రేడియోల దుకాణం లక్ష్మీరాజాన్ని అడిగాడు.

"టేపులకెల్లి వచ్చే సన్నటి చప్పుడును ముందుగాల పెంచేది ప్రీ యాంప్లిఫయరు. నీ లోపం ఆడనే ఉన్నది. కొత్తది పెట్టుకో" అన్నాడాయన.

పెళ్లి పెట్టుకున్నవాడికి కొత్తది కొనే స్తోమత ఎక్కడిది? మోత తక్కువుండే ట్రాన్సిస్టర్లు నాలుగు మాత్రం కొనుక్కుని బస్సెక్కాడు. మిగతా సామాను పాత రేడియోల్లోంచి పీకాడు. బయటి కరెంటు మోత సోకకుండా, తమ్ముడు గల్ఫ్ నుంచి తెచ్చిన పాలపొడి డబ్బాలో అంతా బిగించాడు.

పెట్టి చూస్తే మోత రెట్టింపయింది. నేనక్కడే ఉన్నాను. నవ్వబోయి, అతని ముఖం చూసి ఊరుకున్నాను. పసుపుకు రెండు రోజులే ఉన్నాయి.

మర్నాడు డబ్బా సంకన పెట్టుకుని మళ్లీ కామారెడ్డి పోయాడు. లక్ష్మీరాజం మూత తీసి పకపకా నవ్వాడు. ప్రతి తీగకూ రెండు కొసలా ఎర్తు, డబ్బాకు నాలుగు చోట్ల ఎర్తు.

"గిన్ని ఎర్తులేంది ఘనీ భాయ్?"

"మోటరుకు ఎంత ఎర్తు ఇస్తే అంత మంచిది గదా!"

"ఇది మోటరు గాదు భాయ్! ఎర్తు తీగలు చుట్టు తిరిగి కలిస్తే మోత అండ్లనే తిరుగుతది. అన్నీ ఒక్క తాన కలుపు, మిగిలినయి కోసెయ్."

ఇరవై ఏళ్ల పనితనమే కొంప ముంచిందని ఘనీకి అప్పుడు తెలిసింది. అక్కడే కూర్చుని అన్నీ కోసేశాడు. తిరిగొచ్చేసరికి ఊళ్లో కరెంటు లేదు, మర్నాడు, అంటే పసుపు రోజు, మధ్యాహ్నానికి గాని రాలేదు. పెట్టి చూసుకునే వీలే లేకపోయింది.

అప్పటికే ఇంట్లో ఆడవాళ్లు, బయట అరుగు మీద మేం మగవాళ్లం చేరాం. ఘనీ కిటికీలోంచి చెయ్యి పెట్టి వాల్యూమ్ పూర్తిగా తిప్పాడు. మోత లేదు. స్టీరియో పాడైందనుకున్నాం. అంతలో ఢోలక్ దెబ్బ, దాని వెనకే జన్నత్ బీ గొంతు, వీధి చివరిదాకా! దాచడమెందుకు, నా ఒళ్లు పులకరించింది. ఘనీ మావైపు తిరిగి కాలరెగరేశాడు.

పాట అయిపోయింది. ఆపబోతుంటే, ఇన్నాళ్లూ మోత కింద ఎవరికీ అందని మాట ఒకటి వినిపించింది. జన్నత్ బీ ఆయాసపడుతూ నవ్వుతోంది.

"మేరా హో గయా. అబ్ తూ గా, సయీదా!"

నా వంతు అయిపోయింది, ఇక నువ్వు పాడు అని. అంతటితో టేపు అయిపోయింది.

ఘనీ స్టీరియో కట్టేశాడు. లోపల ఢోలక్ మోగింది. సయీదా గొంతెత్తింది, ఆమె వెనక ఇల్లంతా అందుకుంది.